నగరు వాకిలి ఎత్తు

చింతలగట్టు, తర్లుపాడు దగ్గర
18 మార్చి 1957, సోమవారం

చిరంజీవి కోటిరత్నానికి,

నీ జేజి దీవెనలు. హాస్టలు భోజనం ఎలా ఉందో, పరీక్షలకు ఎంతవరకు చదివావో అడగవలసిన ఉత్తరం ఇది. అడగడం లేదు. నిన్న మధ్యాహ్నం మీ నాయన మార్కాపురం దుకాణం నుంచి మనిషితో నీ కవరు పంపించాడు. అందులో మన ఊరి పాత నగరు, ఆ పాడుబడ్డ నాయకుల మేడ మీద నువ్వు రాసిన వ్యాసం ఉంది. ఏప్రిల్ పన్నెండున హైదరాబాదు నుంచి పురావస్తు శాఖ ఆఫీసరు వచ్చి నగరును చూస్తాడనీ, నీ వ్యాసం, నగరు లెక్కలు రాసిన నా నోటుపుస్తకం ఆయన చేతిలో పెడతావనీ రాశావు. అందుకే ఈ రోజే, తపాలా సంచి కట్టేలోపల రాస్తున్నాను. వ్యాసం ఎవరికీ ఇవ్వవద్దు. నోటుపుస్తకం నేను పంపడం లేదు.

కారణం చెప్పకుండా ఆజ్ఞ వేయడం నాకు అలవాటు. ఈసారి కారణం చెబుతాను. రెండుసార్లు కాగితం చించి మూడోసారి రాస్తున్నాను. కూర్చుంటే కాలు నిలవడం లేదు. వసారాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగి, మళ్ళీ వచ్చి ఒక వాక్యం రాస్తున్నాను.

నీ వ్యాసంలో మూడో పేరా చూడు. "నగరులోని ద్వారాలు మిక్కిలి పొట్టివి. లోపలికి వచ్చే ప్రతివాడూ ప్రభువు ఎదుట తల వంచవలెనని పెద్ద రంగప్ప నాయకుడు ఇట్లు కట్టించెను" అని రాశావు. ఇది నువ్వు పుస్తకాల్లో చదివింది కాదు. నీ ఆరో ఏట నిన్ను చెయ్యి పట్టుకొని అక్కడికి తీసుకుపోయి నేను చెప్పింది. నీకే కాదు, 1914లో ఈ ఊరికి ఆడపిల్లల బడి పంతులమ్మగా వచ్చిననాటి నుంచి ముప్పై ఏళ్ళు ప్రతి విజయదశమికీ బడి పిల్లలందరినీ వరుసగా నడిపించుకుపోయి చెప్పాను. రంగప్ప నాయకుడు విజయనగర రాజుల కింద నాయకరికం చేశాడనీ, పదహారు స్తంభాల కొలువుచావడి కట్టాడనీ, పై అంతస్తు నల్లపలక రాళ్ళతో కప్పించాడనీ చెప్పేదాన్ని. అంతవరకూ ఊళ్ళో పెద్దలు చెప్పుకునేదే. తల వంచే వాకిలి మాత్రం నేను కల్పించాను. ఆ పొట్టి వాకిలి చూడగానే నాకు పాఠం తోచింది. విద్య ఉన్నవాళ్ళకు వినయం ఉండాలని, వరసలో ఒక్కొక్క పిల్లా వంగి లోపలికి పోవాలని ఏర్పాటు చేశాను.

నిన్న నువ్వు కొలతలు సరిచూడమన్నావు కదా. ఇరవై రెండేళ్ళకు విధవనై, మూడేళ్ళ మీ నాయనను చంకనేసుకొని ట్రయినింగుకు పోయేటప్పుడు మా నాయన లక్ష్మీనరసయ్య తన బట్టల దుకాణంలోని ఇనప గజంబద్ద నా పెట్టెలో పెట్టాడు. అది పట్టుకొని పోయాను. కొలువుచావడి వాకిలి, పై అడ్డరాయి నుంచి నేల దాకా నలభై రెండు అంగుళాలు వచ్చింది. మళ్ళీ కొలిచాను. నలభై రెండే. పుస్తకంలో నలభై ఆరని ఉంది.

లోపల దొడ్డిలో గొర్రెపిల్లలకు ఆకు వేస్తున్న నాగేంద్రమ్మ తల కూడా ఎత్తలేదు.

"ఏంది పంతులమ్మా, మళ్ళా తగ్గిందా?" అంది.

కోటిరత్నం, ఆ మాట విని కొలత పుస్తకంలో ఎక్కించకుండానే ఇంటికి వచ్చాను.

నాగేంద్రమ్మను నువ్వు ఎరుగుదువు. నగరులోనే మొగుడు కాటమరాజుతో, నూట ఇరవై గొర్రెలతో కాపురముంటుంది. కాటమరాజు మేనత్త కొడుకే, అందుకని పుట్టిందీ మెట్టిందీ ఆ గోడల మధ్యనే. వాళ్ళను నీ వ్యాసం ఏమందో గుర్తుందా? "ఇటీవల కొందరు గొర్రెల కాపరులు ఆక్రమించుకొని కట్టడమును పాడుచేయుచున్నారు." ఇటీవల అని నీకు ఎవరు చెప్పారు? నా పుస్తకమే చెప్పింది. 1915లో నేను నగరు లెక్క రాసినప్పుడు గడులు గీశాను. నిలిచిన స్తంభాలు పదకొండు. బురుజులు రెండు. తేనెపట్లు మూడు. గుడ్లగూబలు ఒక జంట. ఎవరింటికి ఎన్ని రాళ్ళు తరలాయో కూడా రాశాను, మన బడి అరుగుకు తొమ్మిది. చివరి గడి "నివాసులు". అందులో "శూన్యం" అని రాశాను. ఆ రోజు నాకు మజ్జిగ ఇచ్చింది నాగేంద్రమ్మ తల్లి. నా చేతిలో ముంత ఉండగానే శూన్యం అని రాశాను.

ఇప్పుడు ఆ గడి చూసి ఆఫీసరు వాళ్ళను కొత్తగా వచ్చి చేరినవాళ్ళని వెళ్ళగొడతాడు. కంచె వేస్తాడు. ఎక్కడికి పోతారు?

ఇంకో మాట ఉంది. అది రాయడానికే వసారాలో తిరుగుతున్నాను. నాగేంద్రమ్మ నా బడిలో చదివింది. 1923 విజయదశమి నాడు, తొమ్మిదేళ్ళ పిల్ల, వాకిలి దగ్గర ఆగిపోయింది. వంగు అన్నాను. "నాకు తగలదు గదమ్మా, ఎందుకు వంగాల?" అంది. అయినా వంగు అన్నాను. "ఇది పొట్టి వాకిలి కాదమ్మా. మా అవ్వ చిన్నప్పుడు పెద్దోళ్ళు నిలబడే పోయేటోళ్ళంట. వాకిలి కిందికి రాలే. నేల పైకి వచ్చింది" అంది. ద్వారబంధం పక్కన పందికొక్కు తోడిన పెద్ద బొరియ ఉంటే తలా భుజమూ లోపలికి దూర్చి, చెయ్యి చాచి, "గడప కిందుంది, చూడు, నా చేతికి తగుల్తా ఉంది, పూలు చెక్కినారు" అంది. పిల్లలు నవ్వారు. నన్ను చూసే నవ్వారనుకున్నాను. బెత్తంతో కొట్టాను. మరునాడు రిజిస్టరులో ఆమె పేరు మీద అడ్డంగా గీత గీసి, కారణం గడిలో "అవిధేయత" అని రాశాను. ఆ పిల్ల మళ్ళీ పలక పట్టలేదు.

తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. 1930లో మళ్ళీ కొలిస్తే యాభై ఒకటి వచ్చింది. 1915లో రాసింది యాభై ఆరు. రాతి వాకిలి పొట్టిబడదు. బద్ద ఇనపది, అది సాగదు. ఆ పిల్ల మాట నిజమని ఆ క్షణమే నాకు తెలిసింది. నేను ఏం చేశాను? యాభై ఆరును దిద్ది యాభై ఒకటి చేశాను. 1945లో నలభై ఆరు వస్తే దిద్దినదాన్నే మళ్ళీ దిద్ది నలభై ఆరు చేశాను. ముప్పై ఏళ్ళు పిల్లల లెక్కల్లో ఒక్క దిద్దుబాటు సహించని నేను.

ఈ పుస్తకం పొయ్యిలో పెడతాను. పుస్తకం లేకపోతే శూన్యమూ ఉండదు, ఆక్రమణా ఉండదు. నీ డిగ్రీకి ఇంకో విషయం చూసుకో.

నీ జేజి
సీతారత్నం


చింతలగట్టు
25 మార్చి 1957

చిరంజీవి కోటిరత్నానికి,

నీ టెలిగ్రాం అందింది. "కాల్చవద్దు. పాత అంకెలు చదువు" అని. నాలుగు మాటల్లో సగం నన్ను కసిరినట్టే ఉంది. నా పెంపకమే, కాబట్టి ఊరుకుంటున్నాను.

కాల్చలేదు. పొయ్యి దాకా రెండుసార్లు పోయాను. నీ టెలిగ్రాం వచ్చాక ఆ కాగితాన్ని ఎండకు ఎత్తి పట్టుకొని చూశాను. సిరా మీద సిరా పడినా మొదటి రాత కనబడుతోంది. యాభై ఆరు, యాభై ఒకటి, నలభై ఆరు, ఇప్పుడు నలభై రెండు. నలభై రెండేళ్ళలో పద్నాలుగు అంగుళాలు. మూడేళ్ళకు ఒక అంగుళం, తప్పకుండా. గొర్రెలు రోజూ పడుకొని తొక్కిన పెంట రాయిలా గట్టిపడి నేల పెరిగింది. వాళ్ళ ఇంటి ఆనవాయితీ ఒకటి ఉంది. పై పైన రాలిన పెంట ఏటా రైతులకు తోలుతారు గాని, దొడ్డి అడుగు మాత్రం తవ్వరు. మంద తొక్కిన నేల తవ్వితే మంద చెదిరిపోతుందంటారు.

శనివారం మళ్ళీ పోయి, ఆ బొరియలోనే, అంటే దాని మనవడి బొరియలో అనుకో, బద్ద చివర పట్టుకొని చెయ్యి కూడా దూర్చి దించాను. గడప తగిలింది. పై రాయి నుంచి గడప దాకా ఎనభై నాలుగు అంగుళాలు. ఏడడుగుల వాకిలి! రంగప్ప నాయకుడు ఎవరినీ వంచలేదు. పల్లకీ కూడా వంగకుండా పోయేటట్టు కట్టాడు. అందులో నలభై రెండు అంగుళాలు పెంట. మూడేళ్ళకు అంగుళం చొప్పున నూట ఇరవై ఆరేళ్ళు.

నాగేంద్రమ్మ వాళ్ళు మొదటి నుంచీ ఒకే మాట చెబుతారు, "నందన కరువు నాడు వచ్చినాం" అని. అంత పాత కాపురమా అని కరణం నాగభూషణరావు ఆ మాటకు ప్రతిసారీ నవ్వుతాడు. ఆ పెద్ద కరువు పడిన నందన సంవత్సరం వచ్చి నూట ఇరవై అయిదేళ్ళు. నువ్వే లెక్క చూసుకో.

ఈ అంకెలు ఆఫీసరుకు చూపితే వాళ్ళను ఎవరూ కదిలించలేరనుకున్నాను. చెప్పు తొడుక్కోవడం కూడా మరిచి నగరుకు పోయాను. నాగేంద్రమ్మ ఒక గొర్రె గిట్టలో ముల్లు తీస్తోంది. అంతా చెప్పాను. దిద్దిన సంగతి, ఆనాటి బెత్తం దెబ్బ సంగతి కూడా చెప్పాను. ఆమె ముల్లు తీసి, చూసి, పారేసి అప్పుడు మాట్లాడింది.

"నూటిరవై ఏండ్లు పెంటలో బతికినామని కాయితం ఇస్తారా పంతులమ్మా?"

"మిమ్మల్ని ఇక్కడి నుంచి ఎవరూ వెళ్ళగొట్టకుండా..."

"ఉండమని ఎవురడిగినారు మిమ్మల్ని? ఈ గోడల సందున తేళ్ళు. వాన పడితే పైనుంచి పలకరాయి జారి పడతాది. పోయినేడు మా ఆడబిడ్డ కాలు దానికిందనే పోయె. మీ కత చెప్పుకోడానికి నగరు కావాల. మాకు ఊరి పక్కన అయిదు సెంట్ల జాగా కావాల. తలుపుండే ఇల్లు కావాల."

కాటమరాజు స్తంభానికి ఆనుకొని తలపాగా చుట్టుకుంటూ, "అవ్వా, అది అంతే. ఉప్పు ఎక్కువేసినా మనమే తినాల, దాని మాటా అంతే" అన్నాడు.

"నీ కూటికి ఉప్పేసేది కూడా నేనే, గుర్తు పెట్టుకో" అంది నాగేంద్రమ్మ.

తరవాత నా వైపు తిరిగింది. "దెబ్బ సంగతి మీరు తెచ్చినారు కాబట్టి చెప్తా ఉన్నా. ఆ దెబ్బ నాలుగు రోజుల్లో మానింది. మా నాయన కొట్టిందాని కంటే తక్కువే. పేరు మీద గీత గీసినారు చూడండి, అది మానలే. మా చెల్లెల్ని బడికి పంపుతామంటే మా నాయన ఏమన్నాడో తెల్సునా? గొల్లోళ్ళ పిల్ల నిజం చెప్తే బడిలో గీత గీస్తారు, వద్దు అన్నాడు."

కోటిరత్నం, వాళ్ళను కాపాడాలన్నా నేను వాళ్ళను అడగలేదు. మళ్ళీ నేనే పాఠం చెప్పబోయాను.

వాళ్ళు అడిగింది ఇవ్వడం నా చేతిలో లేదు. కరణంతో మాట్లాడాలి. రేపు పోతాను. నువ్వు రైలుకు తయారుగా ఉండు, కాని నేను రాసేదాకా కదలవద్దు.

జేజి
సీతారత్నం


చింతలగట్టు
1 ఏప్రిల్ 1957, సోమవారం

చిరంజీవి కోటిరత్నానికి,

ఇది చివరి ఉత్తరం. దీని తరవాత ఉత్తరాలు కాదు, మనిషి కావాలి.

మంగళవారం కరణం చావిడికి పోయాను. నాగభూషణరావు నా లెక్క అంతా విని, ముక్కు మీది అద్దాలు సవరించుకొని, "అవ్వా, గొర్రె పెంటకు కూడా శాసనం వేయించమంటారా?" అన్నాడు. చావిడిలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. రాజధాని కర్నూలులో ఉన్నప్పుడు ఏ కాగితం ఏ గదిలో ఉందో తనకు తెలిసేదనీ, ఇప్పుడు ఫైళ్ళన్నీ లారీల్లో హైదరాబాదు పోయాయనీ, ఎవరు ఎవరికి రాయాలో తెలియడం లేదనీ చెప్పాడు. తెలిసింది ఒక్కటే. గోడల లోపల ఉన్నదంతా సర్కారుదని ఉత్తరువు వచ్చింది. "అంతా అంటే పెంట కూడా, అవ్వా. మూడున్నర అడుగుల పెంట. అన్ని బండ్ల ఎరువంటే ఈ మెట్ట ఊళ్ళో బంగారమే. దాని మీద అప్పుడే పెద్దరైతులు కన్నేసినారు" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, ఆ అంకెలు దేనికి పనికొస్తాయో. నగరు వాళ్ళది కాదు. కాని ఆ పెంటలో ప్రతి అంగుళమూ వాళ్ళ మంద వేసింది. నా దగ్గర కొలత ఉంది. కాటమరాజుకు ఉన్న రెండెకరాల గరువు నేలకు ఆ ఎరువు పడితే మూడేళ్ళు జొన్న గాదె నిండుతుంది.

ఆ మాటే చెబితే కరణం మెత్తబడ్డాడు. "నందన కరువు నాటి నుంచి కాపురమున్నారు, ఖాళీ చేసినందుకు ఇంటి జాగా ఇవ్వవలెను, దొడ్డి ఎరువు వారిదే అని తహసీల్దారుకు రాస్తాను. మీ వాఙ్మూలం కావాల. పుస్తకంలో పాత అంకెలు దొరికినాయని రాద్దాం. దిద్దినట్టు రాయొద్దు అవ్వా. ఈ ఊళ్ళో సంతకం పెట్టే ఆడదల్లా మీ దగ్గర నేర్చుకున్నదే. మీ పేరు పోతుంది" అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఆ దోవ పట్టాలనిపించింది. ఇంటికి వచ్చి రెండు రోజులు నోటుపుస్తకం ముందు పెట్టుకొని కూర్చున్నాను. దొరికినాయి అంటే మూడోసారి దిద్దినట్టే కదా. గురువారం పోయి నేనే రాశాను. "1930లోనూ, 1945లోనూ ఈ అంకెలు తప్పని తెలిసే దిద్దితిని. నివాసులు శూన్యమని రాసినది అబద్ధము. వాకిలి సంగతి 1923లోనే నా విద్యార్థిని నాగేంద్రమ్మ చెప్పగా కొట్టి, ఆమె పేరు తీసివేసితిని." చావిడిలో చదివి వినిపించాలన్నాడు కరణం, అది పద్ధతి. నేనే చదివాను. గుమ్మం దగ్గర నా పాత విద్యార్థినులు గురవమ్మ, అంకాలమ్మ నిలబడి ఉన్నారు. గురవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో చూడలేదు, కాగితం మీది నుంచి కన్ను ఎత్తలేదు.

చదవడం అయ్యాక, వినడానికి వచ్చి వెనక నిలబడ్డ నాగేంద్రమ్మ ముందుకు వచ్చింది.

"అయితే ఇప్పుడు చెప్పండి పంతులమ్మా. ఆ పొద్దు నేను వంగాల్నా, వద్దా?"

"వద్దు" అన్నాను.

"ఇంకాస్త గట్టిగా చెప్పండి. వెనకోళ్ళకు వినపడలే."

"వద్దు" అన్నాను, బడిలో పద్యం చెప్పినంత గట్టిగా. ఆమె తల ఊపి, గొర్రెలకు నీళ్ళు పెట్టే వేళయిందని వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

కాటమరాజు మాత్రం అడ్డం తిరిగాడు. "జాగా ఇచ్చినా, బంగారం ఇచ్చినా దొడ్డి అడుగు తవ్వనియ్యను. మా తాతల మాట" అని వాకిట్లో గడ్డపార అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు. మూడు రోజులు కూర్చున్నాడు. నేను చెప్పడానికి పోలేదు, ఈసారి నోరు మూసుకున్నాను. నాగేంద్రమ్మే చెప్పింది. "తాతల మాట సగమే పట్టుకుంటావేంది? నందన కరువు నాడు వాళ్ళు ఒట్టి చేతుల్తో వచ్చినారా? పాత దొడ్డి పెంట ఒక గంప నెత్తిన పెట్టుకొని వచ్చి ఈడ పోసినాకనే మందను తోలినారు. మంద తవ్వితే చెదరదు, గంప ఎత్తకుండా పోతే చెదురుతాది. లే, గంప నువ్వే ఎత్తాల." నిన్న పొద్దున్న లేచాడు. లేచి గంప అల్లించుకోవడానికి తర్లుపాడు పోయాడు. పాత గంప పనికిరాదట.

ఇదీ జరిగింది. నాకు ఇంకా కుదురు లేదు. తహసీల్దారు సంతకం పెట్టేదాకా ఉండదు. జరగవలసినవి రాస్తున్నాను, వరస తప్పవద్దు.

1. ఈ ఉత్తరం అందిన మరునాడే బయలుదేరు. మూడో పేరా, "ఇటీవల కొందరు" అనే వాక్యం రైలులోనే కొట్టెయ్.

2. వచ్చిన రోజే నగరుకు పోయి "నివాసులు" గడి నింపు. నాగేంద్రమ్మ ఏడు తరాల పేర్లు చెబుతుంది. ఆమె చెప్పినట్టే రాయి, తిరిగి చదివి వినిపించు. నేను వెంట రాను.

3. ఇంటి జాగా పట్టా చేతికి వచ్చేదాకా వాళ్ళు ఒక కుండ కూడా కదిలించరు. ఆఫీసరు మాట ఇచ్చానంటే, మాట కాదు కాగితం అను.

4. మొదటి గంప కాటమరాజు ఎత్తాలి. అంతకు ముందు ఆఫీసరు గాని, నువ్వు గాని దొడ్డిలో గడ్డపార దించరాదు.

5. ఎరువు వాళ్ళే తవ్వి వాళ్ళ చేనికే తోలుకుంటారు. గడప పూలు బయటపడ్డాక నిలిపి నిన్ను పిలుస్తారు. అప్పుడు నువ్వు కొలువు. బద్ద ఇస్తాను.

6. నోటుపుస్తకం ఉన్నది ఉన్నట్టు ఆఫీసరుకు ఇవ్వు. దిద్దిన చోట తుడవవద్దు, నా వాఙ్మూలం నకలు పక్కనే కుట్టు.

7. వ్యాసంలో ఈ వాక్యం ఉండాలి: "నగరు ద్వారాల అసలు ఎత్తును మొదట కనిపెట్టినది నాగేంద్రమ్మ, తొమ్మిదేళ్ళ వయసున." మీ ప్రొఫెసరు తీసెయ్యమంటే వ్యాసం మొత్తం వెనక్కి తీసుకో.

8. బడి రిజిస్టరు నేను దిద్దను, ఇంకొకరిని దిద్దనివ్వను. ఆమె పేరు మీది గీత అలాగే ఉంటుంది. దాని పక్కన, గీసినది ఎవరో తెలిసేలా ఈ రోజు నా పేరు రాశాను.

నీ జేజి
సీతారత్నం